అప్‌డేట్: నలుగురికి సరిపోయే ఫ్రిస్బీ ఆట దొరికింది

ఫ్రిస్బీతో ఆడే జట్టు ఆట అల్టిమేట్‌కి జనం చాలడం లేదు, నలుగురితో పోటీగా ఆడే డిస్క్ ఆట ఏదైనా ఉందా అని అడిగాను కదా. మీలో ఒకరు చెప్పిన డబుల్ డిస్క్ కోర్ట్ మొదలుపెట్టాం. ఇద్దరేసి ఉన్న రెండు జట్లు చెరో కోర్టులో నిలబడి, రెండు డిస్కులు ఎదుటి కోర్టులోకి విసురుకునే ఆట ఇది. చాలా థాంక్సండీ!

ముందు వైజాగ్ ఆర్కే బీచ్‌లో 13 మీటర్ల చదరాలు రెండు, మధ్య 17 మీటర్ల ఖాళీతో గీశాం. ఇసుకలో కుదరలేదు. అవతలి కోర్టులో పడిన డిస్క్ జారి బయటికి పోతే పాయింట్ అవతలి జట్టుకే వెళ్లాలి, ఇసుకలో అది పడ్డచోటే ఆగిపోతుంది. పైగా సాయంత్రం సముద్రపు గాలి. ఇప్పుడు పొద్దున్నే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) వైపు గడ్డి ఉన్న గ్రౌండ్‌లో ఆడుతున్నాం.

అసలు మజా 'డబుల్'లో ఉంది. రెండు డిస్కులూ ఒకేసారి ఒకే జట్టు చేతికి తగిలితే ఎదుటివాళ్లకు 2 పాయింట్లు. మా బావ ఒక డిస్క్‌ని ఎత్తుగా, నెమ్మదిగా వదులుతాడు. అది దిగే క్షణానికి నేను రెండోది వేగంగా కొడతాను. అవతల ఒకరు పట్టుకుని వెంటనే వదలకపోతే పార్ట్‌నర్ ఇరుక్కున్నట్టే. అందుకే ఇద్దరూ ఆగకుండా మాట్లాడుకుంటూనే ఉండాలి. క్యారమ్స్‌లో జోడీ కుదిరినట్టు కుదరాలి.

రిఫరీ లేకపోయినా గొడవలు రాలేదు, లైన్ మీద ఎవరి కోర్టు వాళ్లే చెప్పుకుంటున్నాం. తేలిక డిస్కులు వాడండి, గట్టి త్రోలు పట్టేటప్పుడు వేళ్లు బతుకుతాయి. వైజాగ్‌లో ఇంకో జోడీ ఉంటే రండి, మ్యాచ్ పెట్టుకుందాం.