గార్మెంట్స్‌లో వేధింపులపై ఫిర్యాదు తెలుగులో రాసి ఇవ్వొచ్చా?

అందరికీ నమస్కారం. మేముండేది బెంగళూరు బొమ్మనహళ్లిలో. మా పక్కింటి అమ్మాయిది మదనపల్లె, ఇక్కడ గార్మెంట్స్‌లో టైలర్. సూపర్‌వైజర్ మెషిన్ పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేస్తాడట, విదిలించుకుంటే టార్గెట్ పెంచుతాడట. నిన్న రాత్రి మా గడప మీద కూర్చుని, సూది దిగిన వేలికి చుట్టిన గుడ్డపీలిక లాక్కుంటూ చెప్పింది. తలెత్తలేదు.

1992లో రాజస్థాన్‌లో ప్రభుత్వ కార్యక్రమంలో పనిచేస్తూ బాల్యవివాహం ఆపబోయినందుకు భన్వరీ దేవి అనే గ్రామ కార్యకర్తపై సామూహిక అత్యాచారం చేశారు. ఆమె నోరు మూసుకోలేదు. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెక్కితే, పనిచేసే చోట లైంగిక వేధింపులు ఆపడానికి 1997లో విశాఖ మార్గదర్శకాలు (మన విశాఖపట్నం కాదు, అది ఒక సంఘం పేరు), 2013లో చట్టం వచ్చాయి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతిచోటా ఇలాంటి ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదుకు గడువు 3 నెలలు. ఈ పిల్లకు ఇప్పటికే రెండు దాటాయి, అదే నా కంగారు.

వాళ్ల ఫ్యాక్టరీలో కమిటీ బోర్డే లేదు. అలాంటప్పుడు ఇలాంటి ఫిర్యాదుల కోసం జిల్లాలో ప్రభుత్వం పెట్టే స్థానిక కమిటీ దగ్గరికి నేరుగా వెళ్లొచ్చా? తనకు కన్నడ మాట్లాడడమే వచ్చు, రాయడం రాదు. తెలుగులో ఇస్తే తీసుకుంటారా? విచారణ జరిగేటప్పుడు 3 నెలల దాకా సెలవు అడగొచ్చని చట్టంలో ఉంది. అలా తీసుకున్నవాళ్లకు జీతం నిజంగా చేతికందిందా?

ఇలాంటి కేసు దగ్గరుండి నడిపించినవాళ్లు, తెలుగు తెలిసిన మహిళా లాయర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఇంట్లో తెలిస్తే పని మాన్పించి ఊరికి తీసుకెళ్లిపోతారని భయపడుతోంది.