శివరాత్రి వెళ్లాక పెరట్లో విత్తనం వేయాలా, మృగశిర దాకా ఆగాలా?

పర్లాకిమిడి పెరడు:
ఏటా మా ఇంట్లో ఇదే తగువు. చలి తగ్గగానే టమాట నారు, చామంతి పిలకలు, పందిరి చిక్కుడు, బెండ అన్నీ ఒకేసారి పెట్టేద్దామని నేనంటాను. మృగశిర వచ్చేదాకా విత్తనాల మూట విప్పొద్దని మా అత్తగారు. టమాట నారు ఇప్పటికే పోసేశాను. సరిహద్దులో ఉన్న మనవాళ్లు ఏమంటారు?

బళ్లార్‌పూర్ వాసి:
నా ఓటు మీ అత్తగారికే. మా చంద్రపూర్ జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మామూలే. ఇక్కడివాళ్లు గుడీ పాడ్వా అని, మనవాళ్లు ఉగాది అని ఒకే రోజు మొక్కలు కొంటారు. ఆ రోజు నర్సరీవాడికి పండగ. రోహిణి కార్తె వచ్చేసరికి మనకు మిగిలేది ఎండు పుల్లలే. తాగే నీళ్లకే బిందెలు వరసలో పెట్టే వీధుల్లో కుండీలకు ఎక్కడ తెచ్చి పోస్తాం?

బరంపురం డాబా:
నేను ఒప్పుకోను అన్నా. ఎండకు ఆగని మొక్క పెట్టి ఎండను తిడితే ఎలా? పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటాయంటే టమాటలో పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. నీళ్లు ఎన్ని పోసినా కాయ నిలవదు. బెండ, గోంగూర, గోరుచిక్కుడు, తోటకూర, బచ్చలి అలా కాదు, వేడి ఉంటేనే చకచకా మొలుస్తాయి. తోటకూర నెలలోపే కోతకొస్తుంది. బెండకు 45–50 రోజులు చాలు. ఫిబ్రవరి చివర్లో వేస్తే వడగాడ్పులు ముదిరేలోపు సగం కాపు తినేస్తాం.

పర్లాకిమిడి అక్కా, చామంతి, పాతరకం పందిరి చిక్కుడు మాత్రం ఇప్పుడు వద్దు. పగటి పొద్దు తగ్గితేనే అవి పూతకొస్తాయి. ఇప్పుడు పెట్టిన చిక్కుడు పందిరంతా అల్లుకుని ఆకులే ఇస్తుంది, ఎండాకాలమంతా నీళ్లు తాగుతూ. ఆషాఢంలో వేసుకోండి.

కొరాపుట్ కొండగాలి:
మైదానం లెక్కలు మాకు చెప్పకండి! మేముండేది దాదాపు 870 మీటర్ల ఎత్తున. మార్చిలో కూడా రాత్రిళ్లు చల్లగానే ఉంటాయి, టమాట బాగానే కాస్తుంది. ఘాటీ దిగి జైపూర్ వెళ్తే అక్కడి ఎండే వేరు. జిల్లా ఒక్కటే, పంచాంగమూ ఒక్కటే.

బళ్లార్‌పూర్ వాసి:
బెండ అంటున్నారు, సరే. ఎండాకాలంలో తెల్లదోమ మాటేమిటి? అది పల్లాకు తెగులు మోసుకొస్తుంది. ఈనెలు పసుపెక్కి, కాయ పాలిపోయి గిడసబారుతుంది. ఒక మొక్కకు తగిలితే వరసంతా పోతుంది.

బరంపురం డాబా:
దానికే కదా మీ మహారాష్ట్రలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పర్భణీ క్రాంతి అనే రకం ఇచ్చింది. బెంగళూరు వాళ్ల అర్క అనామిక కూడా ఉంది. పసుపు ఈనె కనబడ్డ మొక్కను వెంటనే పీకేయండి. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున కొట్టండి.

బళ్లార్‌పూర్ వాసి:
ఆ రకాలు వచ్చి దశాబ్దాలైంది బాబూ. వచ్చిన కొత్తలో తట్టుకున్నంతగా ఇప్పుడు తట్టుకోవడం లేదు.

రాయగడ మల్లెపందిరి:
పూల ఊసు ఎవరూ ఎత్తరేం? ఇప్పుడు గడ్డిగులాబి, జినియా, బొగడబంతి పెట్టండి, ఎండ ఎంత కాస్తే అంత పూస్తాయి. మల్లె అంటు కొత్తగా నాటాలంటే మాత్రం వానలు పడనివ్వండి. ఉన్న మల్లెకు ఇది పూసే కాలం, నీళ్లు తగ్గించకండి. బీర వేసేవాళ్లు ఉగాది దాకా ఆగొద్దు. వేడి పెరిగేకొద్దీ మగపూలే ఎక్కువ వస్తాయి, పూలు చూసి మురవడమే తప్ప పిందె ఉండదు. నీళ్లంటారా, బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి ఉన్నాయిగా. మొక్క మొదట్లో ఎండుగడ్డి దట్టంగా పరిస్తే తడి తొందరగా ఆరదు.

గుణుపురం రైతుబిడ్డ:
మా ఒడియా రైతులు అక్షయ తృతీయనాడు, మండుటెండలో, అఖి ముఠి అని పొలంలో తొలి పిడికెడు విత్తనం వేస్తారు. మరి వాళ్లకు తెలియదా?

బళ్లార్‌పూర్ వాసి:
అది పొలానికి శకునం తమ్ముడూ. ఆ పిడికెడుకు ఎవరూ బిందెలతో నీళ్లు మొయ్యరు.

పర్లాకిమిడి పెరడు:
బెండ, తోటకూర రేపే వేస్తున్నాను. నీళ్లు నేనే పోసేలా అత్తగారితో ఒప్పందం కుదిరింది. పోసిన టమాట నారు ఏం చెయ్యను?

కొరాపుట్ కొండగాలి:
ఎవరైనా ఇటు వస్తుంటే తడిగుడ్డలో చుట్టి పంపండి, మేం నాటుకుంటాం.