పొదుగువాపు బ్యాక్టీరియా జన్యువు క్లోనింగ్: ప్లేట్ మీద అన్నీ నీలం కాలనీలే, ఎందుకు?

పాడి పశువుల్లో పొదుగువాపు తెచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్‌ను పీసీఆర్ (డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచే పద్ధతి)తో గుర్తించడానికి పాజిటివ్ కంట్రోల్ (ఫలితం తప్పక రావాల్సిన నమూనా) తయారు చేస్తున్నాను. దాని నక్ జన్యువులోని 279 బేస్‌ల ముక్కను (ఇన్‌సర్ట్) టీఏ వెక్టర్‌లో (చివర 'ఏ' బేస్ ఉన్న ముక్కను అతికించుకునే వాహక డీఎన్ఏ) అతికించి (లైగేషన్), డీహెచ్5ఆల్ఫా అనే ల్యాబ్ రకం ఈ.కోలైలోకి ఎక్కించాలి. మూడు వారాల్లో నాలుగుసార్లు చేశాను, ఒక్కసారీ కుదరలేదు.

కణాలను డీఎన్ఏతో కలిపి 30 నిమిషాలు ఐస్‌లో ఉంచి, 42 డిగ్రీల దగ్గర 45 సెకన్లు హీట్ షాక్, గంటసేపు రికవరీ, ఆపై యాంపిసిలిన్, ఎక్స్‌గాల్, ఐపీటీజీ ఉన్న ప్లేట్ (ముక్క వెక్టర్‌లో చేరితే కాలనీ తెల్లగా, చేరకపోతే నీలంగా రావాలి). పీయూసీ19 (ముక్క చేర్చని మామూలు ప్లాస్మిడ్) కంట్రోల్‌కు వందల కాలనీలు వస్తున్నాయి కాబట్టి కణాల్లో లోపం లేదనే నా నమ్మకం. లైగేషన్ ప్లేట్‌లో మాత్రం ఐదారు కాలనీలే, అన్నీ ముదురు నీలం. వాటి చుట్టూ ఆవగింజల్లో సగం కూడా లేని శాటిలైట్ కాలనీలు (పక్కన యాంపిసిలిన్ తగ్గిన చోట పుట్టేవి).

వెక్టర్‌కు ఇన్‌సర్ట్ నిష్పత్తి 1:3, 1:5 రెండూ చూశాను. లైగేజ్ (అతికించే ఎంజైమ్), బఫర్ కొత్తవి వాడాను. రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాను.

నా అనుమానమంతా ఇన్‌సర్ట్ మీదే. పీసీఆర్‌ను ట్యాక్‌తోనే (ముక్క చివర 'ఏ' చేర్చే ఎంజైమ్) చేశాను కానీ, యూవీ వెలుగులో జెల్ నుంచి కోసి తీసి, పది రోజులు ఫ్రీజర్‌లో ఉంచాను.

ఈ ముక్కకే మళ్లీ ఏ-టెయిలింగ్ (చివర 'ఏ' చేర్చడం) చేస్తే సరిపోతుందా, లేక కొత్తగా పీసీఆర్ చేసి అదే రోజు లైగేషన్ పెట్టాలా?