రాచిప్పలో కాల్సైట్, ట్రెమొలైట్ ఉన్నాయో లేదో తేల్చేదెలా?

పులుసు కాచడానికి రాచిప్ప ఎంచుకోవాలి. దాన్ని చెక్కే బలపపు రాయి అంతా ఒకేలా పుట్టదు, చిక్కు అక్కడే. మన కడప, కర్నూలు వైపు డోలమైట్‌లోకి (మెగ్నీషియం ఉన్న సున్నపురాయి లాంటిది) డోలరైట్ (భూగర్భంలో కరిగి పైకొచ్చి గట్టిపడిన నల్లరాయి) చొచ్చుకొచ్చిన చోట ఆ వేడికి డోలమైట్, సిలికా, నీరు కలిసి టాల్క్ (బలపపు రాయిలోని మెత్తటి ఖనిజం) అవుతుంది. వెంట సున్నపురాయిలో ఉండే ఖనిజమైన కాల్సైట్ కూడా పుడుతుంది. సర్పెంటైన్ అనే మెగ్నీషియం ఖనిజం మీద కార్బన్ డయాక్సైడ్ పనిచేసి మారిన రాయిలోనైతే టాల్క్‌తో మాగ్నసైట్ (మెగ్నీషియం కార్బొనేట్) ఉంటుంది. కాల్సైట్ చింతపండు పులుపుకి కరిగి చిప్పకి గుంటలు పడతాయి. మాగ్నసైట్ చల్లటి ఆమ్లానికి దాదాపు కదలదు.

వెనిగర్ చుక్కకి వెంటనే నురగొస్తే కాల్సైటే. డోలమైట్ మాత్రం పొడి చేస్తేగానీ బుడగలివ్వదు, అదీ నెమ్మదిగా. మరి నూనె పట్టించి అమ్మే చిప్పకి ఎక్కడ గీకి చూడాలి? అడుగున అరచెంచా పొడి తీస్తే చాలా?

ఇంకో ముఖ్యమైన సందేహం. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలతలో టాల్క్ కాఠిన్యం 1, గోటితో గీత పడుతుంది. కొన్ని చిప్పల్లో గోటికి లొంగని, సూదుల్లాంటి లేతాకుపచ్చ చారలుంటాయి. అవి 5–6 కాఠిన్యమున్న ట్రెమొలైట్ ఖనిజమా? పీచుగా ఉంటే ఆ ధూళి పీల్చడం ప్రమాదం కాబట్టి గీకడానికే జంకు. తడిపి గీకితే సరిపోతుందా, ఎక్స్‌రే డిఫ్రాక్షన్ (ఎక్స్‌రేలతో ఖనిజాన్ని గుర్తించే ల్యాబ్ పరీక్ష) చేయించాల్సిందేనా? రాళ్ల పని తెలిసినవారు చెప్పగలరు.