“బాస్” అన్న పిలుపుని తెలుగులో ఏమని రాయాలి?

దక్షిణాఫ్రికా నేపథ్యంలో ఒక చిన్న కథ రాస్తూ ఒకచోట ఇరుక్కుపోయానండి. 1950ల చివర్లో ట్రాన్స్‌వాల్‌లో ఒక తెల్ల రైతు మొక్కజొన్న పొలం. 1913 భూమి చట్టం నల్లవాళ్లకి వదిలింది దేశంలో దాదాపు 7 శాతం నేల, 1936లో దాన్ని 13కి పెంచారంతే. నా కథలో ముసలాయన తన తాతలు దున్నిన చేలోనే ఇప్పుడు కూలీ. కొడుకేమో పాస్‌బుక్ (అప్పట్లో నల్లవాళ్లు ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాల్సిన గుర్తింపు పుస్తకం) లేకుండా జొహన్నెస్‌బర్గ్‌లో పోలీసులకి దొరికిపోయాడు.

ముసలాయన పెరటి గుమ్మం దగ్గర టోపీ తీసి, అంచు నలుపుతూ నిలబడతాడు. యజమానురాలు సొట్టపడిన రేకు కప్పులో టీ పోస్తుంది. ఆ కప్పు ఇంట్లోకి రాదు, బయట గోడ మేకుకే వేలాడుతుంది. అతను “బాస్...” అని మొదలుపెడతాడు.

సమస్య ఇక్కడే. అక్కడి తెల్ల రైతుల భాష ఆఫ్రికాన్స్‌లో ఆ మాటలో భయం, బానిసత్వం రెండూ ఉన్నాయి. మనకి “బాస్” అంటే ఆటోవాలాని పిలిచే మాట! “దొర” అంటే గడీ గుర్తొచ్చి కథ తెలంగాణకి వచ్చేస్తుంది. “అయ్యగారు” మరీ మెత్తగా ఉంది. “బాస్” అనే ఉంచి, చుట్టూ ఉన్న వాక్యాలతో బరువు తేవచ్చంటారా?

ఇంకో టెన్షన్ ఆ కప్పు గురించి. మనవాళ్లకి వెంటనే హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి తడుతుంది. తట్టాలనే ఉంది కానీ, కథ పూర్తిగా మన ఊరిదైపోతుందేమోనని భయం. అనువాదాలు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే, మీరైతే ఏం చేస్తారో చెప్పండి, ప్లీజ్.