విడిభాగాలన్నీ ఒకేలా వచ్చాక పనివాడికి మేలు జరిగిందా, కీడు జరిగిందా?

పాత ఫిట్టర్: ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీలో ఆకురాయి తగలకుండా ఇమిడిపోవడం గొప్పే. కానీ ఆకురాయి పట్టిన చేతికి విలువ అప్పుడే పోయింది.

గేజీ మనిషి: పోలేదండీ, చోటు మారింది. ముక్క కొలత సరిచూసే గేజీలు, ముక్కను పట్టి ఉంచి పనిముట్టుకు దారి చూపే జిగ్గులు చేసిందెవరు? ఆ పరికరాలు తయారయ్యే టూల్‌రూమ్‌లోని పనివాళ్లే కదా.

కొత్త సభ్యుడు: ఈ ఒకేలాంటి భాగాల పద్ధతిని అమెరికా తుపాకుల తయారీదారు ఎలీ విట్నీ మొదలుపెట్టాడంటారు?

గేజీ మనిషి: అది తప్పు. 10,000 తుపాకులకు 1798లో ఒప్పందం చేసుకుని 1809కి గానీ పూర్తిచేయలేదు. వాటి భాగాలూ పూర్తిగా ఒకదానికొకటి సరిపోవు. అంతకుముందే, 1785లో, ఫ్రాన్స్‌లో తుపాకుల తయారీదారు బ్లాంక్ ఇలాంటి భాగాలు చేసి చూపిస్తే, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జెఫర్సన్ కళ్లారా చూశాడు. నిజంగా సాధించింది హార్పర్స్ ఫెర్రీలోని అమెరికా ఆయుధశాలలో జాన్ హాల్, 1820లలో.

పాత ఫిట్టర్: నేను కూలీల గురించి అడిగితే మీరు తుపాకుల చరిత్ర చెబుతున్నారు! 1913లో ఫోర్డ్ కంపెనీ హైలాండ్ పార్క్ కార్ల ఫ్యాక్టరీలో ఛాసిస్ (కారు అడుగు చట్రం) బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. కదిలే లైను వచ్చాక 93 నిమిషాలకు దిగింది. ఆ ఏడాదే పని వదిలి వెళ్లేవాళ్లు, వాళ్ల చోట కొత్తగా చేరేవాళ్లు మారుతూ ఉండే రేటు 370 శాతం. పని బాగుంటే అంతమంది ఎందుకు వెళ్లిపోతారు?

గేజీ మనిషి: 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు ఇచ్చారు, 9 గంటల పనిని 8 చేశారు. అదీ చెప్పండి.

మూడో షిఫ్టు: ఆ 5 డాలర్లు ఊరికే రాలేదు. కంపెనీ వాళ్లు కార్మికుల ఇళ్లకు వెళ్లి ఎలా బతుకుతున్నారో విచారించేవాళ్లు.

పాత ఫిట్టర్: నేను 22 ఏళ్లు ఫిట్టింగ్ చేశాను. చివరికి మెషీన్‌లో ముక్క పెట్టి తీసే పనికి పంపారు. మంచినీళ్లకు వెళ్తే సూపర్‌వైజర్ వాచీ చూసుకునేవాడు. మీకు ఫ్యాక్టరీ అంటే పుస్తకాల్లో చదివిందేనా?

గేజీ మనిషి: మాట జాగ్రత్త. నేనూ 15 ఏళ్లు టూల్‌రూమ్‌లో చేశాను. అనుభవం మీ ఒక్కరి సొత్తు కాదు.

పాత ఫిట్టర్: సరే, కోపంలో అన్నాను. గేజీతో నాకు గొడవ లేదు. ముక్క కొలతకు ఉందో లేదో అది చెబుతుంది, అంతే. పని ఎంత వేగంగా సాగాలో చెప్పేది మాత్రం మనిషి. ఆ నిర్ణయంలో నన్ను ఎవరూ అడగలేదు. నా బాధ అదే.

గేజీ మనిషి: ముక్కలు ఒకేలా లేకపోతే లైనే నడవదు. వేగం వద్దు, కొలత మాత్రం కావాలంటే కుదరదు.

పాత ఫిట్టర్: కుదిరింది. 1911లో అమెరికాలోని వాటర్‌టౌన్ ఆయుధశాలలో పనికి పట్టే సమయం కొలవడానికి స్టాప్‌వాచ్ పెట్టారని మౌల్డర్లు (పోత అచ్చులు చేసేవాళ్లు) పని ఆపేశారు. తర్వాత అమెరికా కాంగ్రెస్ సైన్యపు ఆయుధశాలల్లో ఆ వాచీని నిషేధించింది. ఆయుధాల తయారీ ఆగిపోలేదు.