విమ్‌లో వరుసలు అతుక్కుపోతున్నాయి, ఎక్కడి నుండి నేర్చుకోవాలి?

ప్రశ్న (తిరుపతి):
నేను తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాను. మా ల్యాబ్ సర్వర్‌లో ఎడిటర్‌గా విమ్ ఒక్కటే ఉంది. నిన్న ఒక కాన్ఫిగరేషన్ ఫైలును మారుస్తూ, కిందికి వెళ్ళడానికి జె నొక్కిన ప్రతిసారీ కింది వరుస వచ్చి పై వరుసకు అతుక్కుపోయింది. కంగారులో సేవ్ చేయకుండానే టెర్మినల్ మూసివేశాను. ఇప్పుడు తెరవబోతే స్వాప్ ఫైలు (సేవ్ చేయని మార్పులను విమ్ దాచి ఉంచే తాత్కాలిక ఫైలు) ఉందని హెచ్చరిక వస్తోంది. ఏం చేయాలో, ఈ ఎడిటర్‌ను ఎలా మొదలుపెట్టాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (చిత్తూరు):
మీ ఫైలుకు ఏమీ కాలేదండి. క్యాప్స్ లాక్ పడి ఉంటుంది; చిన్న జె కిందికి దించుతుంది, పెద్ద జె వరుసలను కలుపుతుంది. సేవ్ చేయలేదు కనుక డిస్కు మీద ఉన్నది పాత ఫైలే. హెచ్చరిక దగ్గర డి నొక్కితే స్వాప్ ఫైలు తొలగి, ఆ పాత ఫైలే తెరుచుకుంటుంది. నిన్నటి మార్పులు కావాలంటే మాత్రం ఆర్ నొక్కి వాటిని రాబట్టుకుని, సేవ్ చేసిన తరువాతే స్వాప్ ఫైలును తొలగించండి. నేర్చుకోవడానికి టెర్మినల్‌లో విమ్‌ట్యూటర్ (vimtutor) అని టైపు చేయండి. అరగంట పాఠమే అయినా నేను వారం రోజులపాటు రోజూ చేశాను, అప్పటికి గాని వేళ్ళకు పట్టుబడలేదు.

జవాబు (తిరుపతి):
అప్పుడే యు నొక్కి ఉంటే అతుక్కున్న వరుసలు విడిపోయేవి. కొత్తవారు ఎప్పుడూ అక్షరాలు టైపు చేసే ఇన్‌సర్ట్ మోడ్‌లోనే ఉండిపోవాలని చూస్తారు. నిజానికి ఉండవలసిన చోటు, కీలు ఆజ్ఞలుగా పనిచేసే నార్మల్ మోడ్; ఐ నొక్కి రాయవలసింది రాసి వెంటనే ఎస్కేప్‌తో వెనక్కి రావాలి. ఆజ్ఞలను వాక్యాలుగా చదువుకోండి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, ఇక్కడ ముందు వస్తుంది: డి అంటే తొలగించు, డబ్ల్యూ అంటే పదం. కొటేషన్ గుర్తుల మధ్య ఉన్న 8080 వంటి విలువను మార్చాలంటే సి (మార్చు), ఐ (ఇక్కడ 'లోపల' అని అర్థం), కొటేషన్ గుర్తు నొక్కితే చాలు, లోపలిది పోయి కర్సర్ రాయడానికి సిద్ధంగా నిలుస్తుంది. ఇది చేతికి వచ్చిన రోజున నాకు విమ్ మీద నిజమైన ఇష్టం కలిగింది. కదలికకు హెచ్, జె, కె, ఎల్ ఎందుకంటే, 1976లో బిల్ జాయ్ అనే ప్రోగ్రామర్ విమ్‌కు మూలమైన వీఐ ఎడిటర్‌ను రాసిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో బాణపు గుర్తులు ఆ అక్షరాల మీదే ఉండేవి.

ప్రశ్న అడిగినవారు:
ఫైలు క్షేమంగా తెరుచుకుంది, ఇద్దరికీ కృతజ్ఞతలు. తెలుగులో కామెంట్లు రాసి ఎస్కేప్ నొక్కాక, వరుసను తొలగించే డి డి పనిచేయడం లేదు, ఇదెందుకు?

జవాబు (చిత్తూరు):
కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉండడం వల్ల విమ్‌కు డి బదులు తెలుగు అక్షరం అందుతోంది. ఎస్కేప్ నొక్కగానే కీబోర్డును ఇంగ్లీషుకు మార్చడం కూడా అలవాటు చేసుకోండి.